బాలుర చదువును కొలిచిన బినే పండితుడు

క్వార్టర్లీ పరీక్షలు ముగిసి ప్రోగ్రెసు కార్డులు ఇండ్లకు వెళ్లిన దినమున మన విద్యార్థులలో ననేకుల ముఖములు వాడియుండుట మేమెఱుగుదుము. లెక్కలలో 28 మార్కులు వచ్చెనని తండ్రి కోపించును, తల్లి నిట్టూర్చును, కుఱ్ఱవాడు తాను మందబుద్ధినని తలపోసికొనును. ఆ 28 అను అంకె ఏమి చెప్పుచున్నదో, ఏమి చెప్పుట లేదో విచారించువారు అరుదు. వానికి భాగహారము రాలేదా? ప్రశ్నను చదువుకొనుటయే రాలేదా? లేక నల్లబల్ల మీది అక్షరములు కనబడనే లేదా? అంకెకు ఈ సంగతులు తెలియవు. ఇట్టి విచారణకే తన జీవితములోని కడపటి సంవత్సరములను వెచ్చించిన యొక ఫ్రెంచి పండితుని చరిత్రమును ఈ యేటి సంచికలో మా చదువరులకు వినిపింప దలచితిమి. ఆయన పేరు ఆల్ఫ్రెడ్ బినే. బుద్ధిని కొలుచు పరీక్షలకు ఆద్యుడని ఉపాధ్యాయ శిక్షణ గ్రంథములు ఆయనను పేర్కొనును. మనకు అంతకంటెను ముఖ్యమైన పని ఆయన మఱియొకటి చేసెను. దానిని గ్రంథములు తఱచుగా ఒక పంక్తితో దాటవేయుచుండును.

బినే 1857వ సంవత్సరము జూలై మాసమున నీస్ పట్టణమున జన్మించెను. అప్పటికి ఆ పట్టణము సార్డీనియా రాజ్యములోనిది; మూడేండ్లకు అనగా 1860లో ఫ్రాన్సులో చేరెను. తండ్రి వైద్యుడు. తల్లి చిత్రకారిణి. వారిరువురును వేఱుపడుటచే బాలుడు తల్లియొద్దనే పెరిగెను. చదువు కొఱకు ఆమె వానిని పారిసు నగరమునకు తోడ్కొనిపోయి పేరుగాంచిన లూయీ-ల-గ్రాన్ పాఠశాలలో చేర్చెను. ఆ దినములలో జరిగిన యొక చిన్న సంగతిని బినే జన్మాంతము మఱువలేదు. పరీక్షలో ఆయన ఒక గ్రీకు తత్త్వవేత్త పేరు విషయమై పొరపాటు చేయగా, పరీక్షకుడు చిరాకుపడి, ఈ బాలునికి తాత్త్విక బుద్ధి యెన్నటికిని అబ్బదని తీర్పు చెప్పెనట. ఏబదియేండ్ల వయస్సు దాటిన పిమ్మట, పిల్లలనుగూర్చి తాను వ్రాసిన గ్రంథములో, బినే ఆ సంగతిని తలచుకొని ఆ ఎన్నటికిని అను మాటమీదనే తన కోపమునంతయు చూపెను. ఒక్క జవాబు విని బాలుని యావజ్జీవితమునకు తీర్పు చెప్పుట యెట్టి సాహసమో స్వానుభవమున నెఱిగినవాడాయన.

1878లో ఆయన న్యాయశాస్త్ర పట్టము పొందెను గాని వకీలుగా పని చేయలేదు. వైద్యము మొదలుపెట్టి దానిని మానివేసెను. పారిసులోని జాతీయ గ్రంథాలయమున గూర్చుండి, గురువు లేకయే, మనశ్శాస్త్ర గ్రంథములను చదువుకొనెను. తరువాత సాల్పెట్రియేర్ అను ఆసుపత్రిలో షార్కో అను ప్రసిద్ధ వైద్యునియొద్ద చేరి, ఫెరే అను వైద్యునితో గూడి మాయనిద్రను గూర్చి పరిశోధనలు చేసెను. అచ్చట ఆయనకు గొప్ప పరాభవము కలిగెను. నిద్రావస్థలోనున్న రోగికి అయస్కాంతమును చూపినచో శరీరములో నొక పార్శ్వమున నున్న పక్షవాతము రెండవ పార్శ్వమునకు మాఱునని ఈ యిరువురును ప్రకటించిరి. బెల్జియము దేశీయుడగు డెల్బెఫ్ పండితుడు స్వయముగా వచ్చి చూచెను. అయస్కాంతమును దాచక రోగి యెదుటనే పెట్టుటయు, జరుగబోవునది రోగికి వినబడునట్లు చెప్పుకొనుటయు ఆయన కంటబడెను. రోగి చేసినదంతయు పరీక్షకుల మాటలనుబట్టి చేసినదే యని తేలెను. బినే కొంతకాలము వాదించి, తుదకు తన తప్పును అచ్చులో నొప్పుకొనెను. పరీక్షించువాడు తాను కోరిన జవాబును తెలియకయే ఎదుటివాని నోట పెట్టగలడను పాఠమును ఆయన ఇచ్చటనే నేర్చెను. ఆ యవమానము లేకయున్నచో తరువాతి బినే లేడని మా తలంపు.

ఇంతలో 1884లో ఆయన బాల్బియానీ అను జీవశాస్త్రజ్ఞుని కుమార్తెయగు లోర్ అను నామెను వివాహమాడెను. మదలేన్, ఆలిస్ అను ఇరువురు కుమార్తెలు కలిగిరి. ఆసుపత్రిని విడిచివచ్చిన పండితునికి వీరే పరిశోధనాలయమైరి. నడక నేర్చుకొను దినములలో పెద్ద పిల్ల కుర్చీని పట్టుకొని, తరువాతి ఆధారము చేతికందునని నమ్మకము కలిగినగాని అడుగు వేయకుండెడిది; చిన్నది పట్టు విడిచి, తూలుచు, గది నడుమకు పరుగెత్తెడిది. ఇద్దరును నడక నేర్చిరి. త్రోవలు మాత్రము వేఱు. అంకెలు తెలియని పసిపిల్ల బిళ్లల గుంపులలో ఏది ఎక్కువయో చెప్పునప్పుడు, వాటి సంఖ్యను గాక అవి ఆక్రమించిన స్థలమును చూచి చెప్పుచున్నదని కూడ ఆయన కనిపెట్టెను. తప్పుజవాబు వెనుక నొక ఆలోచన కలదని, దానిని కనుగొనుటయే పరీక్షకుని పనియని ఆయనకు ఇంటిలోనే బోధపడెను.

1891లో బినే సోర్బాన్ విశ్వవిద్యాలయమునందలి మనశ్శాస్త్ర పరిశోధనాలయములో జీతము లేక చేరెను. 1894లో దానికి అధ్యక్షుడయ్యెను. కీటకముల నాడీమండలమునుగూర్చి వ్రాసిన వ్యాసమునకు డాక్టరు పట్టమును ఆ యేడే లభించెను. తాను స్థాపించిన మనశ్శాస్త్ర వార్షిక పత్రిక నేటికిని వెలువడుచున్నది. పారిసులో ఆచార్యపదవి మాత్రము ఆయనకు ఎన్నడును దక్కలేదు. గొప్పగొప్ప లెక్కలను నోటితో చేయువారిని, కన్నులు మూసికొని చదరంగ మాడువారిని పరీక్షించి 1894లో నొక గ్రంథమును వ్రాసెను. కడపటి యేండ్లలో భయంకర నాటకములు కూడ వ్రాసెనన్నచో మన విద్యార్థులు నవ్వుదురు గాని అది నిజమే.

ఆ కాలమున తల కొలతలనుబట్టి బుద్ధిని నిర్ణయింపవచ్చునని అనేక పండితులు నమ్మియుండిరి. బినేయు నమ్మెను. పాఠశాలలకు బోయి వందలకొలది పిల్లల తలలను కొలిచెను. తెలివిగలవారని ఉపాధ్యాయులు చెప్పిన పిల్లలకును, కారని చెప్పినవారికిని నడుమ వచ్చిన భేదము మిక్కిలి స్వల్పము, కొన్నిచోట్ల లేనేలేదు. అంతేకాక, తాను కొలుచునప్పుడు తన కోరిక తన చేతినే త్రిప్పుచున్నదేమో యని ఆయనకు అనుమానము పుట్టెను. మరల కొలిచి చూడగా అట్లు జరుగుచున్నదని తెలిసికొని, దానిని దాచక ప్రకటించి, ఆ మార్గమును విడిచిపెట్టెను.

ఇక మన ముఖ్య విషయమునకు వత్తము. ఫ్రాన్సులో 1882వ సంవత్సరపు చట్టముచే ప్రాథమిక విద్య నిర్బంధమయ్యెను. అంతవఱకు బడి ముఖమెఱుగని లక్షలాది పిల్లలు తరగతులలోనికి వచ్చిరి. వారిలో కొందఱు ఏండ్లు గడచినను ముందునకు పోజాలకుండిరి. ఇట్టివారికి ప్రత్యేకముగా బోధించుట యెట్లని విచారించుటకై 1904లో ప్రభుత్వము లియోన్ బూర్జ్వా అధ్యక్షతన నొక సంఘమును నియమించెను. బినే అందు సభ్యుడయ్యెను. ఈ పిల్ల లెవరో నిర్ణయించు టెట్లన్న ప్రశ్న మొదటనే యెదురయ్యెను. కొందఱు ఉపాధ్యాయులు అల్లరిపిల్లలను వదిలించుకొనుటకై వారిపేరు వ్రాసి పంపుదురు. కొందఱు తమ పాఠశాలకు అపకీర్తియని ఎవరిని పంపరు. వైద్యులా, ఒకే బాలునికి ఒక్కొక్కరు ఒక్కొక్క పేరు పెట్టుదురు. ఈ గజిబిజిలో నలిగిపోవువాడు బాలుడే.

ఇందులకై బినే, యువవైద్యుడగు సిమోన్ అను సహాయునితో గూడి, 1905లో ముప్పది పరీక్షల వరుసను సిద్ధపఱచెను. వెలుగుచున్న అగ్గిపుల్లను కన్నులతో అనుసరించుట మొదలుకొని, దగ్గఱి యర్థముగల గుణవాచకముల భేదమును చెప్పుటవఱకు, ఆ వరుస క్రమముగా కఠినమగును. 1908లో దానిని వయస్సులవారిగా మార్చిరి. మూడేండ్ల బిడ్డ తన ముక్కును, కన్నులను, నోటిని చూపవలెను. అయిదేండ్ల బిడ్డ రెండు పెట్టెలలో ఏది బరువో చెప్పవలెను, చదరమును చూచి గీయవలెను. 203 పిల్లలపై ప్రయత్నించి ఆ మెట్లను నిర్ణయించిరి. జగత్ప్రసిద్ధి పొందినది ఇదియే.

కాని 1905లోనే బినే మఱియొక పని నారంభించెను. పారిసులో కష్టజీవులు నివసించు పేటలో గ్రాంజ్-ఓ-బెల్ అను వీధి కలదు. ఆ వీధిలోని ప్రాథమిక పాఠశాలకు వానే అను నాయన ప్రధానోపాధ్యాయుడు. ఆ బడిలోనే యొక గదిని తీసికొని బినే పరిశోధనాలయమును స్థాపించెను. విశ్వవిద్యాలయపు మేడను విడిచి బడిలోనికి వచ్చిన ఈ గదిని గూర్చియే మేము విశేషముగా చెప్పగోరుచున్నాము.

వానే చేసిన పని యిది. చదువుట, లెక్కలు, వర్ణక్రమము అను మూడు విషయములలో ఏ వయస్సు బాలునికి వాస్తవముగా ఎంత వచ్చునో, ఎందఱో సామాన్య బాలురను పరీక్షించి పట్టిక వేసెను. వాస్తవముగా అను మాటను చదువరులు గమనింపవలెను. పాఠ్యప్రణాళికలో ఈ తరగతికి ఇంత రావలెనని వ్రాసియుండును. అది పెద్దల యాశ. ఆశను కొలబద్దగా పట్టినచో సగము తరగతి వెనుకబడినట్లే కనబడును. ఒక వయస్సు బాలురలో సామాన్యునికి వచ్చినదెంతయో అదే ఆ వయస్సునకు గుఱుతు అని వానేయు బినేయు నిశ్చయించిరి.

చదువుటకు అయిదు మెట్లు ఏర్పఱచిరి. మొదటి మెట్టున బాలుడు అక్షరములను కూడ సరిగా కలుపలేడు. రెండవమెట్టున ఒక్కొక్క అక్షరసముదాయమును విడివిడిగా పలుకును. మూడవదానిలో మాటలు చదువును గాని నడుమనడుమ ఆగుచుండును. నాలుగవదానిలో ధారాళముగా చదువును. అయిదవదానిలో అర్థము తెలిసిన స్వరముతో చదువును. ఉపాధ్యాయుడు నాలుగు పంక్తులు చదివించి వినినచో బాలుడే మెట్టుమీద నున్నాడో కొద్దిసేపటిలో తెలియును. లెక్కలకును అట్లే: మొదట చిన్న తీసివేతలు, తరువాత పెద్దవి, ఆపైన ఇంత గుడ్డలో ఎన్ని దుస్తులు వచ్చునన్నట్టి భాగహారపు ప్రశ్నలు. ప్రశ్నలు అందఱికిని ఒకటే. వానిని అడుగు తీరును ఒకటే. అందుచే ఒక బడి పిల్లవానిని మఱియొక బడి పిల్లవానితోను, అంతకంటె ముఖ్యముగా నేటి పిల్లవానిని నిరుటి ఆ పిల్లవానితోను పోల్చుటకు వీలు కలిగెను.

మార్కులకును దీనికిని గల భేదమును మా చదువరులలో తల్లిదండ్రులు గ్రహింతురుగాక. తరగతిలో పదునేడవవాడని చెప్పినచో, ముందు పదునాఱుగురు ఉన్నారని తెలియును. వానికేమి వచ్చునో తెలియదు. చదువుటలో మూడవమెట్టున నున్నాడు, తీసివేత వచ్చును, భాగహారము రాదు అని చెప్పినచో, రేపటి పాఠము ఎక్కడ మొదలుపెట్టవలెనో ఉపాధ్యాయునికి తెలియును.

తొమ్మిదేండ్ల లోపు బాలుడు ఈ పట్టికనుబట్టి రెండేండ్లు వెనుకబడినను, తొమ్మిదేండ్లు దాటినవాడు మూడేండ్లు వెనుకబడినను అట్టివానిని గూర్చి విచారింపవలెనని బినే నియమము. విచారింపవలెననియే గాని మందబుద్ధియని నిర్ణయింపుమని కాదు. మొదట వాని హాజరును చూడవలెను. బడికి రాని పాఠము రాకపోవుట వింత కాదు; రోగముచేతనో, ఇంటి యిబ్బందులచేతనో మానిన కాలమును తీసివేయవలెను. తరువాత కన్నులను చూడవలెను. బినే, సిమోనులు ఉపాధ్యాయులే ఉపయోగింపదగిన యొక దృష్టిపరీక్షను కూడ తయారుచేసిరి. వెనుక బల్లమీద కూర్చుండి సోమరియని దెబ్బలు తినుచున్న బాలునికి నిజముగా నల్లబల్ల కనబడకుండుట ఆ పరీక్షచే బయటపడుచుండెను. ముందు బల్లకు మార్చుటయు, కండ్లజోడు ఇప్పించుటయు వానికి చాలిన చికిత్స. ఇవన్నియు అయినపిమ్మటనే బుద్ధి పరీక్షలు. కొలబద్ద మొదట అనుమానమును పుట్టించుటకు. తీర్పు చెప్పుట మనుష్యుని పని.

వెనుకబడినవారి కొఱకు గ్రాంజ్-ఓ-బెల్ పాఠశాలలో ప్రత్యేక తరగతి యేర్పడెను. దానిలో మొదట పాఠములు చెప్పక, నేర్చుకొనుటయే నేర్పిరి. అంగవైకల్యమును సరిచేయు వైద్యమునుబట్టి దీనికి మానసికమైన అంగచికిత్స యని బినే పేరిడెను. సైగ చేయగానే పిల్లలందఱును బొమ్మలవలె కదలక నిలువవలెను. అంచువఱకు నీరు నింపిన పాత్రను ఒలుకకుండ తీసికొనిపోవలెను. తొమ్మిది వస్తువులు గల పలకను అయిదు సెకండ్లు చూచి వాటి పేర్లు వ్రాయవలెను. కొన్ని వారములు అలవాటయిన పిమ్మట పిల్లలు తొమ్మిదింటిని చెప్పసాగిరి. ఆ తరగతిని చూడవచ్చిన శాసనసభ్యులు కొందఱు తామును ప్రయత్నించి, ఆ వెనుకబడిన పిల్లలపాటి చెప్పలేకపోయిరట! శాసనసభ్యుల సంగతి యెట్లున్నను, అది పిల్లల కెంత సంతోషమో మేము ఊహింపగలము.

ఈ తరగతులు మంచివని ఊరక నమ్ముటకు బినే ఒప్పుకొనలేదు. ప్రత్యేక పాఠశాలలను స్థాపించువారు వాటి రాబడిని లెక్కచూపవలెనని ఆయన పట్టుపట్టెను. బాలుడు చేరిన దినమున వానేపట్టికనుబట్టి ఎక్కడ నున్నాడు? ఏడాదికి ఎక్కడ నున్నాడు? ఆ నడుమ దూరమే తరగతి రాబడి. ముందుకు సాగినది లేనిచో పద్ధతిని మార్చవలెను. ఇట్లు కొలత బాలునికే గాక బోధకునికిని, సంస్థకును తగిలెను. ఇది అందఱికిని ప్రీతికరముగా లేకుండెనని వేఱుగా చెప్పనక్కఱలేదు. 1909వ సంవత్సరము ఏప్రిలు 15వ తేదీన ఫ్రాన్సు ప్రభుత్వము ఇట్టి తరగతులకు చట్టము చేసెను. ఆ యేటనే బినే పిల్లలనుగూర్చిన తన గ్రంథమును ప్రకటించి, బుద్ధి పుట్టుకతో నిర్ణయమై పెంచుటకు వీలులేని వస్తువను మతమును తీవ్రముగా ఖండించెను.

ఆయన కొలబద్దలో దోషములు లేకపోలేదు. బెల్జియములో డెక్రోలీ అను వైద్యుడు, డెగాన్ అను విద్యావేత్త కలసి సంపన్నుల పిల్లలపై బుద్ధి పరీక్షలను ప్రయోగింపగా వారు పారిసు పేదపిల్లలకంటె సుమారు ఏడాదిన్నర ముందున్నట్లు కనబడిరి. ఇంటిలో వినబడు భాష బాలుని మార్కులలో చేరుచున్నదన్నమాట. బినే ఈ విమర్శను త్రోసివేయక, 1911లో పరీక్షలను మరల దిద్దెను. బడిచదువుపై ఎక్కువగా ఆధారపడిన ప్రశ్నలను కొన్నింటిని తీసివేసెను. ఆ యేడు అక్టోబరు 18వ తేదీన, ఏబదినాలుగేండ్ల వయస్సున, పారిసులో మరణించెను.

ఆయన పోయిన పిమ్మట కొలబద్ద చేతులు మాఱెను. 1912లో స్టెర్న్ అను జర్మను పండితుడు మానసిక వయస్సును అసలు వయస్సుచే భాగించి ఒక్క అంకెగా చేసెను. అమెరికాలో గాడర్డ్ ఆ పరీక్షలను ప్రచారము చేసెను. 1916లో టెర్మన్ వాటిని పెంచి ప్రకటించెను. 1917లో అమెరికా యుద్ధమున ప్రవేశించినప్పుడు ఇట్టి పద్ధతిపై గుంపులుగా పరీక్షించుటకు వేఱు ప్రశ్నపత్రములను కల్పించి, సుమారు 17 లక్షల సైనికులను పరీక్షించిరి. పిల్లవానికి సహాయము అవసరమాయని తెలిసికొనుటకు పుట్టిన సాధనము, జాతులకును తరగతులకును ఎక్కువతక్కువలను అంటగట్టుటకు, వలస వచ్చువారిని వెనుకకు త్రిప్పుటకును వినియోగమయ్యెను. బుద్ధి యనగా ఒక్క అంకెయని బినే యెన్నడును చెప్పలేదు. ఆయన సహాయుడగు సిమోన్ 1961వఱకు జీవించి, ఈ మాఱుపాటునంతయు కన్నులార చూచెను.

మన దేశమునకు బినే పరీక్షలు మొదట మిషను విద్యావేత్తల చేతులమీదుగానే వచ్చినవని మా పాఠశాలవారు తెలిసికొనుట బాగుండును. అమెరికను మిషను కళాశాలలో పనిచేసిన రైస్ అను నాయన హిందూస్తానీ భాషకు వాటిని అనుకూలపఱచి 1929లో ప్రకటించెను. ధార్వాడలో కామత్ అను పండితుడు కన్నడ, మరాఠీ పిల్లలకు తగినట్లు వాటిని మార్చి, 1940లో నొక గ్రంథమును వెలువరించెను.

వానే అయిదు మెట్ల పట్టిక పేరు మాత్రము ఇచ్చట ఎవరును చెప్పుకొనలేదు. ఐనను దాని పోలిక మన యూళ్లలో కనబడుచున్నది. ప్రథమ్ అను సంస్థ 2005 మొదలుకొని గ్రామములలో ఇల్లిల్లు తిరిగి పిల్లలచే చదివించి చూచుచున్నది. అక్షరము, మాట, చిన్న పేరా, కథ అని దాని మెట్లు. పిల్లవాడు ఏ తరగతి యను దానితో పనిలేదు. ఒక కాగితమును చేతికిచ్చి చదువుమందురు. తెలుగు పిల్లలకు ఆ కాగితము తెలుగులోనే యుండును. అయిదవ తరగతి పిల్లలలో ననేకులు రెండవ తరగతి కథను చదువలేకుండుట ఆ విధముగనే బయటపడెను. ఆ పిల్లలలో ఏ మెట్టువానిని ఆ మెట్టువారితో గూర్చుండబెట్టి, అక్కడినుండి కొన్ని వారములు చదివించి, మరల అదే కాగితమును చేతికిచ్చి చూచు పద్ధతియు ఆ సంస్థ యాచరణలో నున్నది.